నాలుగు వేళ్ళ సందు

డిసెంబరు పదకొండు. ఆ మధ్యాహ్నం మేం తిన్నది రాగిపిండితో చేసిన చోడి సంకటి, రాజ్మా గింజల కూర, నంజుకోవడానికి వేయించిన ఎండుమిరపకాయలు. ఇందుమతి కూర రెండోసారి కూడా వేసుకుంది. కడుపునిండా తిని వెళ్ళిందన్న సంగతి ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒక చిన్న ఊరట.

చేయి కడుక్కుని ఆమె తన సంచి సర్దుకుంది. ఇందుమతి కొండ మీది ఊళ్ళకు నర్సు. మాకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న గుమ్మిగెడ్డలో, వంతల సోంబారి అనే ఆవిడ కోడలు రత్నాయికి శుక్రవారం ఆడపిల్ల పుట్టింది. బిడ్డ రెండు కిలోలు కూడా లేదు. తెల్లవారేసరికి గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకునే రోజులవి. ఆ చలిలో ఘాట్ రోడ్డు మీద బిడ్డను ఆస్పత్రికి దించడం ఇంకా ప్రమాదమని, రెండు రాత్రులుగా తనే అక్కడ కాపలా ఉంటోంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని, మళ్ళీ వెళ్తోంది.

"ఇవాళ రెండు ఇటుకలు ఇవ్వండి," అంది.

"చిన్న గదేగా. ఒకటి చాలు."

"బిడ్డ కాళ్ళు చల్లగా ఉంటున్నాయండీ. రెండివ్వండి."

ఇచ్చాను. ఒక్కోటి నాలుగు కిలోలు. సంచి భుజానికి తగిలించుకుని, ఒక పక్కకి ఒరిగి నిలబడి, "మన పిల్లలు మాత్రం మంచి బరువుతో పుట్టారు," అని నవ్వింది. మాకు పిల్లలు లేరు. ఆ హాస్యం ఆమె ఒక్కతే ఆడేది.

జీపు వచ్చింది. వెళ్ళిపోయింది.

ఆ ఇటుకల సంగతి చెప్పాలి.

నేను కొండ మీది డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. ఒక చలికాలం, రోడ్డు పనికి వచ్చిన నలుగురు కూలీలు రేకుల షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టుకుని, తలుపు బిగించుకుని పడుకున్నారు. పొద్దున ముందుగా వెళ్ళి చూసింది ఇందుమతి. ఇంటికొచ్చి చాలాసేపు గుమ్మం మీదే కూర్చుంది.

"చలికి చచ్చిపోకూడదనే గదండీ వాళ్ళు కుంపటి పెట్టుకున్నది," అంది. "పొగ, నిప్పు లేకుండా వేడి ఇచ్చేది ఏదీ లేదా మీ చదువులో?"

ఉంది. ఇనుము తుప్పు పడుతున్నప్పుడు వేడి పుడుతుంది. మామూలుగా ఆ పని ఏళ్ళ తరబడి జరుగుతుంది కాబట్టి మనకు తెలియదు. మా కొండవాగుల్లో దొరికే ఆకుపచ్చ మన్ను ఒకటి ఇనుప పొడిలో కలిపితే, ఏళ్ళ తుప్పు ఒక్క రాత్రిలో పడుతుందని కాలేజీ లాబ్‌లో మూడేళ్ళు తంటాలు పడి కనిపెట్టాను. అంతకంటే వింత మరొకటి ఉంది. ఆ మన్ను కలిసిన తుప్పును ఎండలో పెడితే అది పీల్చుకున్న గాలిని మళ్ళీ వదిలేసి ఇనుమైపోతుంది. పొద్దున ఎర్రగా ఉన్న ఇటుక సాయంత్రానికి నల్లబడుతుంది. అప్పుడు మైనపు గుడ్డలో చుట్టి ఉంచాలి. రాత్రి గుడ్డ విప్పితే పావుగంటలో వెచ్చబడి, తెల్లవారేదాకా అలాగే ఉంటుంది. కట్టెలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

మొదటి ఇటుకను ఇందుమతి దుప్పట్లో పెట్టుకుని పడుకుంది. పొద్దున లేచి, "ఇరవై ఏళ్ళలో నా పాదాలు మొదటిసారి నా సొంతమయ్యాయి," అంది.

మరుసటి వారం ఆమెను లాబ్‌కి తీసుకెళ్ళి గాజుపెట్టె చూపించాను. పెట్టెలో ఒక ఇటుక, పక్కన వెలుగుతున్న బుడ్డి దీపం. మూత బిగించి ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చున్నాం. కాసేపటికి మంట పొట్టిదైంది. నీలంగా మారి, వత్తి మీద నుంచి లేచినట్టై, ఆరిపోయింది.

"పొగ లేదు గానీ ఇది కూడా మనలాగే గాలి పీలుస్తుంది," అన్నాను. "లెక్కేశాను. ఒక ఇటుక నిద్రపోతున్న అయిదుగురితో సమానం."

"ఊపిరాడకపోతే లేచి తలుపు తీసుకుంటారు కదా?"

"ఊపిరాడనట్టు ఉండదు, ఇందూ. మనం వదిలిన చెడుగాలి పేరుకుంటేనే ఒంటికి ఉక్కిరిబిక్కిరి. ఇది చెడుగాలి వదలదు. మంచిగాలి మాత్రం తీసుకుంటుంది. అది తగ్గిందని ఒంటికి తెలియదు. మత్తుగా నిద్రొస్తుంది."

ఆమె ఆరిన వత్తినే చూస్తోంది. "పొగైతే దగ్గించి లేపేది," అంది. గాజు మీద వేలు ఆనించి, "ఈ దీపాన్నే కాపలా పెడదాం. మనిషి కంటే ముందు అదే పోతోందిగా," అంది.

ఆ ఆలోచన ఆమెదే. మంచి ఆలోచన. కాగితం మీద పెట్టింది మాత్రం నేను.

పరీక్షల డ్యూటీలో, జవాబుపత్రాల కట్ట వెనక వైపు, నాలుగు వాక్యాలు రాశాను. ఇటుక ఉన్న గది తలుపు నాలుగు వేళ్ళ సందు తెరిచి ఉంచాలి. గదిలో దీపం వెలుగుతూ ఉండాలి. దీపం ఆరకుండా చూసుకోవాలి. పొద్దున ఇటుకను ఎండలో పెట్టాలి. ఇంతే. ఆరితే ఏం చేయాలో రాయలేదు. గాజుపెట్టె ముందు కూర్చున్నవాడికి అది వేరే చెప్పాలా అనిపించింది. గాజుపెట్టెలో గాలి వీచదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

ఇటుకలు తయారుచేసి అమ్ముతామని పట్నం నుంచి ఒక కంపెనీ వచ్చింది. వాళ్ళ తరఫున శశాంక్ అనే కుర్రవాడు, చాలా మర్యాదస్తుడు, నా నాలుగు వాక్యాలూ పసుపు కార్డు మీద అచ్చు వేయించి ప్రతి ఇటుకకూ జతచేశాడు. ఆ చలికాలం పెంకుటిళ్ళలో రెండువందల ఇటుకలు పనిచేశాయి. ఎవరికీ ఏమీ కాలేదు. పెంకుల సందుల్లోంచి గాలి దానంతటది వస్తూ పోతూ ఉండేది. అది ఇటుక గొప్పతనమని అనుకున్నాం. మరుసటి ఏడు గుమ్మిగెడ్డకు గాలి చొరని స్లాబు ఇళ్ళు వచ్చాయి.

డిసెంబరు పన్నెండు పొద్దున జీపు డ్రైవరు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు విప్పాడు. ఎప్పుడూ విప్పడు. అతను నోరు తెరవక ముందే నాకు అర్థమైంది.

బాలింత గది ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. మంచం మీద రత్నాయి, కింద చాప మీద ఇందుమతి. ఇద్దరూ నిద్రపోతున్నట్టే ఉన్నారు. ముఖాల్లో బాధ లేదు. దానికి నేను ఎవరికో దండం పెట్టుకున్నాను, ఎవరికో నాకు తెలియదు. గోడ వారగా రెండు ఇటుకలు, గోరింటాకు పెట్టుకున్న అరచేతుల్లా ఎర్రగా ఉన్నాయి.

బిడ్డ బతికింది. పురిటి పిల్లలు గాలి కొరతను పెద్దవాళ్ళ కంటే ఎక్కువసేపు ఓర్చుకుంటారని డాక్టరు చెప్పాడు. బిడ్డ ఉన్న చేట సాయంత్రం మంచం పక్కన ఉందట. పొద్దున గడప దగ్గర ఉంది. దాన్ని ఎవరు జరిపారో తెలియదు. ఇందుమతి జరిపిందనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. అందుకే అలా అనుకోవడానికి నాకు భయం.

సోంబారి తలుపు బయట పడుకుంది. ఆమె విచారణాధికారికి చెప్పింది ఇది. ఆ రాత్రి పెనుగాలి. తలుపు సందులోంచి గాలి కొట్టి దీపం ఆరిపోయింది. లోపలికెళ్ళి వెలిగించింది. అలికిడికి ఇందుమతి కళ్ళు తెరిచి, "దీపం చూసుకో సోంబారీ, ఆరకూడదు," అని చెప్పి మళ్ళీ నిద్రలోకి జారిపోయింది. రెండు రాత్రుల జాగారం మరి. దీపం మళ్ళీ ఆరింది. మళ్ళీ వెలిగించింది. మూడోసారి ఆరినప్పుడు వెలిగించి, తలుపు దగ్గరగా వేసి, సందులో గోనెపట్టా కుక్కింది.

"అప్పుడు నిలబడ్డది బాబూ," అంది అధికారితో. "కదలకుండా నిలబడ్డది. సేనాసేపు తలుపు కన్నంలోంచి సూసినాను. ఇంక బయం నేదని పడుకున్నాను."

నేను అక్కడే బల్లకు ఇవతల కుర్చీలో ఉన్నాను. నిపుణుడిగా నన్ను పిలిచారు. భార్య పోయినవాణ్ణని ముందు నాకు టీ ఇచ్చారు.

"గోనె పెట్టకపోతే బతికేవారా?" అని అధికారి అడిగాడు.

"బతికేవారు," అన్నాను.

అది నిజమే. సందు తెరిచి ఉంచితే పెనుగాలికి దీపం నిలవదు, దీపం నిలవాలంటే సందు మూయాలి, ఆ రెండూ చేయమని రాసింది నేనేనన్న నిజం మాత్రం టీ గ్లాసుతో పాటు కింద పెట్టేశాను. చిమ్నీ ఉన్న లాంతరు పెట్టుకోమని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది.

బయటికొచ్చాక శశాంక్ నా చేయి పట్టుకున్నాడు. "సార్, కార్డులో లోపం ఉందని మీరంటే మేడం గారి పేరు కూడా నలుగుతుంది. దీపం ఆలోచన ఆవిడదే. రెండిటుకలు తీసుకెళ్ళిందీ ఆవిడే. పోయినవాళ్ళను ఎందుకు లాగడం?"

ఇందుమతి పేరు కాపాడుతున్నాననుకుని సంతకం పెట్టాను. నివేదికలో ఉన్నది ఒక్క ముక్క: ఇంటి పెద్ద అజాగ్రత్త వల్ల. కాపాడింది ఎవరి పేరో నాకు సంతకం చేస్తున్నప్పుడే తెలుసు.

ఆరేళ్ళు గడిచాయి. ఉద్యోగం అయిపోయింది. వంట నేర్చుకున్నాను. ఒక్కడికి సంకటి చేస్తే ఎప్పుడూ ఎక్కువైపోతుంది. పక్కింటి కోళ్ళు మాత్రం నన్ను ఇష్టపడతాయి. ఇటుకలు కొన్నాళ్ళు ఆగి, పేరు మార్చుకుని, ఈ నవంబరులో మళ్ళీ వచ్చాయి.

బస్టాండులో పెద్ద బొమ్మ అతికించారు. నేను కూరగాయల సంచితో దాని ముందు ఆగిపోయాను. బొమ్మలో ఒక గిరిజన ముసలావిడ, ముక్కుకు పోగులు, నెత్తి మీద కొప్పు. వంగి తలుపు సందులో గోనె కుక్కుతోంది. ఆమె మీద ఎర్రటి అడ్డగీతలు. కింద, 'ఈ తప్పు మీరు చేయకండి'. ఆ కింద నా నాలుగు వాక్యాలూ, అక్షరం మారకుండా. దీపం ఆరకుండా చూసుకోవాలి.

శశాంక్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడతను పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, మర్యాద తగ్గలేదు.

"ఆ మూడో వాక్యం తప్పు. దీపం ఆరితే తలుపు బార్లా తీసి, అందరూ బయటికి రావాలని రాయండి. దీపానికి చిమ్నీ ఉండాలని రాయండి. ఆ బొమ్మ తీసేయండి."

"సార్, కొత్త మాట చేరిస్తే పాతదాంట్లో తప్పుందని ఒప్పుకున్నట్టు అవుతుందంటున్నారు లాయర్లు. అయినా బొమ్మ వల్ల మంచే జరుగుతోంది కదా. సందు మూయకూడదని జనానికి తెలుస్తోంది."

"పెనుగాలి వీస్తే మళ్ళీ మూస్తారు బాబూ. దీపం కోసం."

"ఆవిడ చదువుకోలేదు సార్. అందరూ అలా ఉండరు."

ఆ రాత్రే కూర్చుని నా సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాశాను. కార్డు రాసింది నేనని, తప్పు నాదని, ఇంటి పెద్దది కాదని. పొద్దున రిజిస్టరు పోస్టులో వేసి, రసీదు జేబులో పెట్టుకుని గుమ్మిగెడ్డ జీపెక్కాను.

సోంబారి ఇంటి ముందు చోళ్ళు చెరుగుతోంది. మనిషి సగమైపోయింది. కొడుకు ఆ ఏడే వెళ్ళిపోయి మైదానంలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడని విన్నాను. మనవరాలు సుక్రి నన్ను చూసి గుంజ వెనక దాక్కుంది. శుక్రవారం పుట్టిందని ఆ పేరు. ఆరేళ్ళ పిల్ల, రెండు స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ ఉంది.

"మేస్టారా," అంది సోంబారి. "నర్సమ్మ మొగుడు. కూకోండి. సుక్రీ, పీటెయ్యే."

కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "బస్టాండులో..." అన్నాను.

"సంతలో కూడా ఎట్టినారు ఆ బొమ్మ. సూసినాను." చేట ఆపలేదు. "ముక్కుకి మూడు పోగులేసినారు. నాకు రెండే. ఊళ్ళో ఆడోళ్ళు నవ్వినారు. ఎంకటి పెల్లాం, ముసల్దానా నీకు మూడో పోగు కంపినీవోడు సేయించినాడేటి, అంది."

నేను నవ్వలేకపోయాను. గాజుపెట్టె దగ్గర నుంచి చెప్పుకొచ్చాను. కాగితం మీద ఏం రాశానో, ఏం రాయలేదో చెప్పాను. గాలికి దీపం ఆరడం వేరు, గాలి లేక ఆరడం వేరు అని, ఆ తేడా ఆమెకు చెప్పాల్సినవాణ్ణి నేనని, నేను చెప్పింది తు.చ. తప్పకుండా చేసిందామె అని చెప్పాను. ఉత్తరం సంగతి చెప్పి రసీదు తీసి చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, చీర కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చేసింది.

"ఇది ఏసినాక నా బొమ్మ తీసేత్తారా?"

"తీసేయమని రాశాను. తీస్తారో లేదో తెలియదు."

"గోనె ఎట్టి మంచిదే సేసినాను అంటారా మీరు?"

"మీకు చెప్పినదాని ప్రకారం అంతకంటే ఎవరూ ఏం చేయలేరు, సోంబారమ్మా. తప్పు మాటలో ఉంది. చేతిలో లేదు."

ఆమె చేట కింద పెట్టింది. ఊరి కింద పారే గెడ్డ వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకుంటుందేమో, కనీసం తిడుతుందేమో అనుకున్నాను. ఆ రెంటికోసమే వచ్చానని అప్పుడర్థమైంది.

"ఆరేళ్ళు," అంది. "నా కొడుకు ఎల్లిపోయినప్పుడు, అమ్మా నీ మొకం సూడనేను అన్నాడు. అప్పటికి తెలుసా మీకిది?"

"తెలుసు."

"తెలిసి ఇంట్లో కూకున్నారు."

"కూర్చున్నాను."

"ఆడు ఊరొగ్గీసే రోజున మీరొచ్చి ఈ ముక్క సెప్పుంటే ఆడు ఉండేవోడు మేస్టారూ. ఇప్పుడు ఆడికి అక్కడ ఇద్దరు పిల్లలు. ఇప్పుడీ కాయితం పట్టుకుని నానేటి సేసుకోను?"

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి సుక్రి ఒక గిన్నెలో వేడి జావ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఉప్పు సరిపోయింది. నాకు ఎవరైనా వండిపెట్టి ఎన్నాళ్ళైందో.

"నువ్వు నర్సమ్మ మొగుడివా?" అని అడిగింది పిల్ల.

"అవునమ్మా."

"నర్సమ్మ నన్ను సేటలో ఎట్టి గుమ్మం కాడికి తోసీసింది. మామ్మ సెప్పింది."

గిన్నె కింద పెట్టాను. లోపలి నుంచి సోంబారి గొంతు వినిపించింది. "నాకు తెల్దు. పిల్లకి ఏదో ఒకటి సెప్పాల గదా."

ఆఖరి జీపు వెళ్ళిపోయింది. సాయంత్రం ఇంకా పూర్తిగా చీకటి పడకముందే చలి గెడ్డ మీదుగా పైకి రావడం మొదలైంది. సోంబారి ఒక కంబళి తెచ్చి అరుగు మీద పడేసింది. పడుకోమని అనలేదు, వెళ్ళమనీ అనలేదు.

ఆ ఇంట్లో ఇటుక లేదు. కుంపటి లేదు. వంట కూడా బయట పాకలోనే. ఆరేళ్ళుగా ఆ గదిలోకి నిప్పు అన్నది రానివ్వలేదట, దీపం కూడా లేదు, ఒక చిన్న కరెంటు బల్బు తప్ప. సుక్రి అప్పటికే దుప్పట్లో ముడుచుకుని దగ్గుతోంది. పొగ వల్ల వచ్చే దగ్గు కాదు, చలికి పట్టినది. సోంబారి గడప దగ్గర వంగి, నాలుగు వేళ్ళ మందం ఉన్న చెక్కముక్క ఒకటి తలుపుకు అడ్డంగా పెడుతోంది. ఏళ్ళ తరబడి పెట్టీ పెట్టీ ఆ చెక్క నున్నగా అయిపోయింది.

"సోంబారమ్మా," అన్నాను. "గదిలో గాలి తినేది ఏమీ లేదు. ఇవాళ తలుపు పూర్తిగా వేసుకోవచ్చు. పిల్లకి చలేస్తోంది. ఇది మాత్రం నేను ఖాయంగా చెప్తున్నాను."

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. కోపం లేదు అందులో.

"మీ మాటిని ఒకపాలి దీపం నిలబెట్టినాను," అంది. "ఇంక ఇననులెండి. పడుకోండి, మంచు పడతాది."

పిల్ల నిద్ర చెదరకుండా, చప్పుడు కాకుండా తలుపు లాగింది. అది చెక్కముక్కను తాకి ఆగింది.